ఢోలు దరువుతో హెవీ మెటల్: ఢిల్లీ నుంచి ప్రపంచ వేదికలకు

హెవీ మెటల్ అనగానే హోరెత్తించే గిటార్లు, గర్జనను తలపించే గానం గుర్తుకు వస్తాయి. ఆ హోరులో పంజాబీ ఢోలునూ, వేణువునూ మేళవించి ప్రపంచానికి వినిపించిన బృందం ఢిల్లీకి చెందిన ‘బ్లడీవుడ్’. గిటార్, వేణువు వాయిస్తూ ఆ సంగీతానికి రూపకల్పన చేస్తున్నవారు కరణ్ కటియార్.

కార్పొరేట్ న్యాయవాదిగా పనిచేసిన కరణ్, స్థిరమైన ఆ వృత్తిని విడిచి సంగీతాన్ని ఎంచుకున్నారు. గాయకుడు జయంత్ భడూలాతో కలిసి 2016లో ఈ బృందానికి శ్రీకారం చుట్టారు. తొలినాళ్లలో వీరు ప్రజాదరణ పొందిన పాటలను మెటల్ బాణీలోకి మార్చి, హాస్యం మేళవించి యూట్యూబ్‌లో ఉంచేవారు. 2018లో దలేర్ మెహందీ ‘తునక్ తునక్ తున్’ పాటకు కూడా అటువంటి రూపమే ఇచ్చారు. అదే ఏడాది ర్యాప్ గాయకుడు రౌల్ కెర్ తోడు కావడంతో దృష్టి సొంత గీతాలవైపు మళ్లింది.

ఇంతకూ ఈ మేళవింపు ఎలా సాధ్యమైంది? మెటల్ గిటార్ ధ్వనిని ‘డిస్టార్షన్’ అనే ప్రక్రియతో గరుకుగా, దట్టంగా మారుస్తారు. ఆ నాదం ఎక్కువగా మంద్రస్థాయిలో పరచుకుంటుంది. వేణువు తారస్థాయిలో పలుకుతుంది కనుక అంత హోరులోనూ విడిగా వినిపిస్తుంది. ఇక ఢోలుకు ఒకవైపు గంభీర నాదం, మరోవైపు పదునైన నాదం. మన ఊరేగింపుల్లో డప్పు అడుగు వేయించినట్లే, ఢోలు దరువు మెటల్ వేగానికి నాట్యపు నడక నేర్పుతుంది. హిందీ, పంజాబీ, ఆంగ్ల పదాలు ఆ నడకలోనే ఒదుగుతాయి.

బాణీతో పాటు వస్తువూ మారింది. 2018 నాటి ‘జీ వీరే’ మానసిక కుంగుబాటుతో పోరాడుతున్నవారికి ధైర్యం చెబుతుంది. ఆ సందర్భంగా బృందం ఒక ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థతో చేతులు కలిపింది. ‘ఎండ్యూరంట్’ తోటివారి వేధింపులను, ‘దనా దన్’ మహిళలపై లైంగిక హింసను ఎదిరిస్తాయి. మెటల్‌లోని ఆగ్రహానికి ఇక్కడ ఒక సామాజిక ప్రయోజనం సమకూరింది.

2019లో జర్మనీలోని ప్రసిద్ధ వాకెన్ మెటల్ ఉత్సవంలో, 2022లో జపాన్‌లోని ఫుజి రాక్ వేదికపై ఈ బృందం ప్రదర్శనలిచ్చింది. 2022లో ‘రక్షక్’, 2025లో ‘ను ఢిల్లీ’ ఆల్బమ్‌లు వెలువడ్డాయి.

సినిమా పాటదే పైచేయి అయిన మన దేశంలో మెటల్ కళాకారులకు వేదికలు తక్కువ. ఆ లోటును ఇంటర్నెట్ ద్వారా అధిగమించిన బ్లడీవుడ్, పాశ్చాత్య శ్రోతల కోసం తన భాషనూ, దరువునూ విడిచిపెట్టలేదు. విదేశీ వేదికలపై దానికి ప్రత్యేక గుర్తింపు తెచ్చినవి కూడా అవే.