చొక్కా పైకెత్తి చూడండి

"దగ్గు పెద్దగా లేదు నర్సమ్మగారూ, కాస్త ఆయాసపడుతున్నాడంతే." ఏఎన్ఎంగా విజయవాడలో గుణదల కొండ మెట్లెక్కి ఇల్లిల్లూ తిరిగినన్నాళ్లూ నన్ను ఎక్కువ భయపెట్టిన మాట ఇదే. తల్లులు దగ్గుకి బెంబేలెత్తుతారు. రాత్రంతా ఖంగుఖంగుమన్న పిల్లాడు చాలాసార్లు పొద్దున్నే లేచి ఇడ్లీ తిని ఆటకి పోతాడు. దగ్గే ఓపిక కూడా లేక, ముక్కుపుటాలు ఎగరేస్తూ మూల పడుకున్నవాడి సంగతి చూడాలి ముందు.

మనం నెమ్ము అని తేలిగ్గా అనేసే న్యుమోనియాలో ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి గదులు చీముతో, నీరుతో నిండిపోతాయి. పీల్చిన గాలి రక్తంలోకి సరిగ్గా చేరదు. ఆ లోటు పూడ్చుకోవడానికి బిడ్డ గబగబా ఊపిరి తీస్తాడు. అదీ చాలకపోతే డొక్కలు ఎగరేస్తాడు. 2019లో ప్రపంచం మొత్తం మీద ఐదేళ్లలోపు పిల్లలు 7 లక్షల 40 వేల మంది దీనితో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

పసిగట్టడానికి స్టెతస్కోపు అక్కర్లేదు. బిడ్డ ఏడుపు మానాక, నిద్రపోతుంటే ఇంకా మంచిది, చొక్కా పైకెత్తండి. సెల్‌ఫోన్‌లో ఒక నిమిషం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కేసి రెట్టింపు చేయొద్దు, పసిపిల్లల ఊపిరి ఒక్కతీరుగా ఉండదు. రెండు నెలల్లోపు బిడ్డకి 60 గానీ ఆపైన గానీ వచ్చినా, ఏడాదిలోపు వాళ్లకి 50 తగిలినా, ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లలకి 40 తగిలినా ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఊపిరి లోపలికి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతున్నా, మూలుగుతున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా, పెదాలు నీలంగా మారినా లెక్కలు కూడా వద్దు, 108కి ఫోన్ చేయండి.

మెడికల్ కాలేజీ 1980 నుంచీ మా గుణదలలోనే ఉంది. అయినా జనం ముందు వెళ్లేది వీధి చివర ఆర్ఎంపీ దగ్గరికే. ఆయన ఒక సూది, ఒక దగ్గు మందు సీసా ఇస్తాడు. దగ్గు మందు న్యుమోనియాని తగ్గించదు, రోజులు మాత్రం గడిచిపోతాయి. సరైన యాంటీబయాటిక్ పడితే రెండు మూడు రోజుల్లోనే బిడ్డ తేరుకుంటాడు. అప్పుడు ఇంకో తప్పు చేస్తారు, తగ్గిందిగా అని మందు మధ్యలో ఆపేస్తారు.

నాయనమ్మలతో నా పేచీలు ఇన్నీ అన్నీ కావు. తలంటగానే బిడ్డని సాంబ్రాణి పొగ మీద పట్టుకోవడం ఒకటి. ఆ పొగ లేత ఊపిరి గొట్టాలని రేపుతుంది. ఒకే గదిలో పొయ్యి, దోమల చుట్ట, తాతగారి చుట్ట కూడా ఉంటే ఆ బిడ్డ పీల్చేదంతా పొగే. భోగినాడు టైర్లు కాల్చే కుర్రాళ్లనీ వదల్లేదు నేను.

పొగ కన్నా ఎక్కువ పోట్లాడింది మాత్రం నూనె గురించి. ముక్కులో నూనె చుక్కలు వేస్తారు, ముక్కు పట్టుకుని ఆముదం పోస్తారు. నీళ్లు పొలమారితే దగ్గొచ్చి బయటికి పోతాయి. నూనెకి ఆ దగ్గు సరిగ్గా రాదు, మెల్లగా ఊపిరితిత్తుల్లోకి జారి అక్కడే ఉండిపోతుంది. దానితో కూడా న్యుమోనియా వస్తుంది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. "మిమ్మల్నందర్నీ ఇలాగే పెంచామే అమ్మాయ్" అనేవారు పెద్దావిడలు. "నిజమే పెద్దమ్మా, పోయినవాళ్లు వచ్చి చెప్పరు కదా" అనేదాన్ని. కటువైన మాటే. కానీ మెత్తగా చెప్తే సీసా అలమరలోకి వెళ్లేది కాదు.

2021 నుంచి మన రాష్ట్రంలో న్యుమోకోకల్ టీకా, అంటే పీసీవీ, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ప్రైవేటులో ఒక్కో డోసు వేలల్లో ఉంటుంది. ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి వేస్తారు. పెంటావాలెంట్ సూదిలో ఉండే హిబ్ టీకా, తొమ్మిది నెలలకి వేసే తట్టు టీకా కూడా న్యుమోనియాని అడ్డుకునేవే. అన్ని రకాల నెమ్మునీ ఇవి ఆపవు, ప్రాణాలు తీసే ముఖ్యమైన రకాలని ఆపుతాయి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకపోవడం కూడా బిడ్డని నెమ్ము నుంచి కాపాడుతుంది.

ముసలివాళ్ల సంగతి వేరు. వాళ్లకి జ్వరం రాకుండానే న్యుమోనియా రావచ్చు. నిన్నటిదాకా బాగున్న తాతగారు అన్నం వద్దంటూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే వయసు మీద పడిందని సరిపెట్టుకోకండి. షుగరు, ఆయాసం ఉన్నవాళ్లు ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టరుని అడగాలి.

ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మాత తిరునాళ్లలో ఇసకేస్తే రాలని జనం. దగ్గే బిడ్డని ఇంటి దగ్గర వదిలొస్తే మరియమాత ఏమీ అనుకోదు.

మీ ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఇప్పుడే తల్లీబిడ్డల కార్డు తీసి చూడండి. పీసీవీ గడి ఖాళీగా ఉంటే వచ్చే బుధవారమో శనివారమో బిడ్డని తీసుకుని టీకా కేంద్రానికి వెళ్లండి. మొదటి డోసు ఏడాది నిండేలోపే పడాలి.