వేసవిలో పగడపుతొట్టి

డాలసు నగరమునకు సముద్రము చాల దూరము. అట్టి యూర మా పెద్దకుమారుడు తన యింట 200 లీటర్లు పట్టు గాజుతొట్టి నొకదానిని నిలిపి, అందు ఉప్పునీటిలో పగడపు జీవులను పెంచుచున్నాడు. అవి కడలినుండి కోసి తెచ్చినవి కావు. తోటమాలి కొమ్మలు నాటి మొక్కలను చేసినట్లు, తొట్లలోనే ముక్కలు చేసి పెంచి యమ్మినవి. నే నొక వేసవిలో అచ్చటికి పోయియుండగా, అతడు పదిదినములు పనిమీద వేఱొక యూరికి పోవుచు ఆ తొట్టిని నా కప్పగించెను. బయట ఎండ 38 డిగ్రీలు. నేను నీటిని చల్లగా కాపాడితిని గాని వేఱొక తప్పు చేసితిని. ఆ తప్పు మీకు బోధపడుటకు ముందుగా కొంత సంగతి చెప్పవలసియున్నది.

పగడము రాయి కాదు, చెట్టును కాదు, అది జంతువు. మన పెద్దలు నవరత్నములలో చేర్చిన యెఱ్ఱపగడము వేఱు, నేను చెప్పుచున్నవి వేఱు. వీని మెత్తని శరీరములో కంటికి కానరాని నాచుకణములు కాపురముండును. అవి వెలుతురుతో ఆహారము వండి, అందు పెద్దపాలు తమకు ఇల్లిచ్చిన జంతువునకే యిచ్చును. నీరు మితిమీరి వేడెక్కెనా, ఈ పొత్తు చెడును. పగడము ఆ కణములను వెలిగ్రక్కి సున్నమువలె తెల్లబడును. అప్పటికి ప్రాణము పోలేదు గాని, పస్తు మొదలైనది. 1998, 2010, 2016 సంవత్సరములలో లక్షద్వీపముల చుట్టును ఇట్లే జరిగినది. ఇంటితొట్టిలో 25, 26 డిగ్రీలు సుఖము. 30 దాటి కొన్నిదినములు నిలిచెనా, ప్రమాదము.

వేడి యెండవలననే వచ్చునని నేను తలచియుంటిని. అది సగము మాటయే. నీట మునిగి తిరుగు 50 వాట్ల మర యొకటి యున్నదనుకొందము. అది త్రాగిన విద్యుచ్ఛక్తి యంతయు తుదకు వేడియై ఆ నీటిలోనే చేరును. బయటికి పోవు దారి లేనిచో, ఒక్క దినములో 200 లీటర్ల నీరు 5 డిగ్రీలు వేడెక్కును. దీపముల వేడి దీనికి తోడు. కావున మరను వీలైనంత చిన్నదిగా ఎన్నుకొనుట, దీపములను మిట్టమధ్యాహ్నము మాని ప్రొద్దుగ్రుంకినపిదప వెలిగించుట, పైమూత తీసివేయుట మొదట చేయదగిన పనులు.

తరువాతిది పంకా. దీనిని తేలికగా చూడకుడు. క్రొత్తకుండలో నీరు చల్లబడుటకును, వట్టివేళ్ల తడికెపై నీరు చల్లిన గది చల్లనగుటకును ఏది కారణమో, ఇచ్చటను అదియే కారణము: ఆవిరియై పోవు నీరు తనతో వేడిని మోసికొని పోవును. ఎంత మోయునో వినుడు. మన తొట్టినుండి ఒక్క లీటరు నీరు ఆవిరియైనచో తక్కిన నీరు సుమారు 3 డిగ్రీలు చల్లబడును. ఒక కిలోగ్రాము మంచుగడ్డ వేసినచో, అది కరగి తక్కిన నీటితో కలియునప్పటికి తగ్గునది అర డిగ్రీ మాత్రమే. మంచుకై పరుగులెత్తువారు ఈ లెక్క యొకసారి వేసికొనవలెను. పైగా గడ్డను నేరుగా వేసినచో ఉప్పు పలుచనగును. వేయక తప్పనిచో సీసాలో బిగించి వేయవలెను.

ఇక నా తప్పు. పంకా గాలికి దినమునకు రెండు లీటర్లు తగ్గుచుండెను. తగ్గినది సముద్రజలము గనుక సముద్రజలమే పోయవలెనని తర్కించి, ఉప్పు కలిపి సిద్ధముచేసిన నీటినే ప్రతిదినమును పోసితిని. ఎన్నియో యేండ్లు పిల్లలకు ఆవిరిని గూర్చి పాఠము చెప్పినవాడనే! పోయినది నీరు మాత్రమే. ఉప్పు తొట్టిలోనే యున్నది. వేయిపాళ్లకు 35 పాళ్లుండవలసిన ఉప్పు పదిదినములలో ముప్పదియెనిమిదిన్నర యయ్యెను. ఉష్ణమాపకము 26 చూపుచునేయుండెను. నేను దానిని చూచి మురియుచుంటిని. పగడములు ముడుచుకొనుట చూచియు నిద్రించుచున్నవనుకొంటిని. కుమారుడు తిరిగివచ్చి నన్నేమియు అనలేదు. మూడు దినములపాటు శుద్ధిచేసిన మంచినీటిని కొంచెము కొంచెముగా మార్చి ఉప్పును దించెను. పెక్కులు తేఱుకొన్నవి. అతడు నాలుగేండ్లు పెంచిన గుండుపగడ మొకటి మఱి విచ్చుకొనలేదు.

పంకాకును హద్దు కలదు. ఉష్ణమాపకపు గుండునకు తడిగుడ్డ చుట్టి గాలిలో నుంచుడు. అది చూపు అంకెకన్న దిగువకు పంకా నీటిని దింపజాలదు. అనంతపురపు పొడియెండలో ఈ యంకె చాల క్రిందికి దిగును. విశాఖపట్టణపు చెమ్మగాలిలో అంతగా దిగదు. మన దేశమున రాతిపగడములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము రక్షణ యిచ్చుచున్నది గనుక వానిని కడలినుండి కోసి తేరాదు. ఉప్పునీటి చేపలను పెంచువారికిని ఈ లెక్కయే పనికివచ్చును. తీరవాసులకు నీటిని చల్లబఱచు యంత్రము తప్పదు. అది నీటినుండి లాగిన వేడిని గదిలోనికే చిమ్మును. కిటికీ మూసియుంచినచో ఆ వేడియే మరల తొట్టిని చేరును.

విద్యుత్తు పోయినపుడు చల్లదనముకంటె ముందు గాలిని చూడవలెను. నీరు వేడెక్కినకొలది అందు ప్రాణవాయువు తక్కువగా కరగును. నీరు కదలక నిలిచినచో చేపలు కొన్ని గంటలలోనే ఉక్కిరిబిక్కిరియగును. ఇప్పుడు మా కుమారుని తొట్టిప్రక్కన బ్యాటరీతో నడచు చిన్న గాలిమర యొకటి, మంచినీటి డబ్బా యొకటి యున్నవి. ఆ డబ్బాపై “ఉప్పు కలుపరాదు” అని నేనే వ్రాసి అంటించి వచ్చితిని.