పెద్ద పానా పట్టాలంటే...

పోయిన కార్తీకంలో సూర్యలంక వెళ్ళాం. పౌర్ణమి రద్దీ తగ్గాక వచ్చిన ఆదివారం. తెల్లవారుజామునే తెనాలిలో బయల్దేరాం. సముద్ర స్నానం, దీపాలు, పులిహోర పొట్లాలు అన్నీ అయ్యాయి. తిరుగు ప్రయాణంలో బాపట్ల దాటీ దాటగానే కారు వెనక చక్రంలో గాలి దిగిపోయింది.

"ఎంతసేపు, పది నిమిషాలు" అన్నారు మావారు. స్టెప్నీ తీశారు. జాకీ ఎత్తారు. కారుతోపాటు కంపెనీవాళ్ళిచ్చిన చిన్న ఎల్ ఆకారపు పానా తీశారు. ఒక్క నట్టూ కదల్లేదు! రెండు నెలల కిందట టైర్లు మార్పించిన చోట గాలి గన్నుతో టకటకా బిగించారు. ఎంత బిగించారో వాళ్ళూ చూడలేదు, మేమూ అడగలేదు. చేత్తో రాలేదని మావారు పానా మీద కాలుపెట్టి తొక్కారు. మూడోసారి తొక్కేసరికి పానా నట్టు మీంచి జారింది. ఆయన కాలు వెళ్ళి బంపరు అంచుకి తగిలింది. మోకాలి కింద రెండంగుళాల మేర చీరుకుపోయింది. నేను కొంగుతో అదిమిపట్టుకుని రోడ్డు పక్కన కూలబడ్డాను. మా అమ్మాయి ఏడుపు. తరవాత ఏడు కుట్లు పడ్డాయి లెండి.

అప్పుడొచ్చింది ఓ ట్రాక్టరు. తోలుతున్నాయన పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్న ఆయన భార్య గబుక్కున దిగింది. నలభై అయిదేళ్ళుంటాయేమో.

"ఏందమ్మా, నట్లు రావట్లేదా? ముందు జాకీ దించండి. చక్రం నేల మీద ఆనాల. ఎత్తిపెట్టి లాగితే బండి మీద పడిద్ది" అంది. మావారు పడిన పాట్లలో ఇదొకటని అప్పుడు తెలిసింది మాకు. ఆవిడ పనిముట్ల పెట్టె తెచ్చి, నాలుగైదు బాక్సులు మార్చి చూసి, మా నట్టుకి సరిపోయేది పొడుగాటి కడ్డీకి తగిలించింది. నట్టు మీద పూర్తిగా దిగిందో లేదో వేలితో తడిమి చూసింది. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టుకుని తనవైపుకి ఒక్క లాగు! 'కిర్రు'మంది నట్టు. మిగిలినవీ అంతే.

"ఎంత బలమమ్మా నీకు!" అన్నాను.

"నాకాడ ఏం బలముందమ్మా, అంతా దీని పొడుగులో ఉంది" అని నవ్వింది. పేరడిగితే చెప్పింది కానీ, "పేపర్లో రాస్తావా ఏంది, వద్దులే" అంది. అందుకని రాయడం లేదు.

నేను బీయస్సీలో ఫిజిక్స్ చదువుకున్నాను. టార్కు మీద పది మార్కుల ప్రశ్నకి ఎనిమిది తెచ్చుకున్నదాన్ని. అంత చదువూ ఆ రోజు రోడ్డు మీద ఒక్క ముక్కయినా గుర్తు రాలేదు!

నీళ్ళ క్యాన్ల లెక్క

మన అమ్మమ్మల ఇళ్ళల్లో తిరగలి చూశారుగా? పిడి ఎక్కడుంటుంది? రాయి అంచున. మధ్య గుంట పక్కనే పిడి పెడితే ఎంత బలవంతుడైనా తిప్పలేడు. పానా సంగతీ అంతే. నట్టు నుంచి మన చెయ్యి ఎంత దూరంగా ఉంటే అంత తక్కువ బలం చాలు.

మామూలు కార్ల చక్రాల నట్లకి ఉండాల్సిన బిగువు సుమారు 100 న్యూటన్ మీటర్లు. మన భాషలో చెప్పాలంటే, మీటరు పొడుగు పానా చివర పదికిలోల బరువు వేలాడదీసినంత. ఇప్పుడు మంచినీళ్ళ క్యాన్ని గుర్తుచేసుకోండి. ఇరవై లీటర్లు, అంటే ఇరవై కిలోలు. పానా పొడుగు 25 సెంటీమీటర్లయితే నట్టు కదలడానికి రెండు క్యాన్లంత బరువు పడాలి. 50 సెంటీమీటర్లయితే ఒక్క క్యాను. మీటరయితే అర క్యాను! మా నట్ల లాగా అతిగా బిగించినవీ, తుప్పు పట్టినవీ అయితే ఆ లెక్క రెట్టింపు కావచ్చు.

అదే పెద్ద లారీ చక్రాల నట్లకయితే 500, 600 న్యూటన్ మీటర్ల వరకూ ఉంటుంది. చిన్న పానాతో పన్నెండు క్యాన్ల బరువు కావాలి. మీటరు పొడుగుదయితే మూడు క్యాన్లు చాలు. లారీవాళ్ళ దగ్గర అంతంత పానాలు ఎందుకుంటాయో ఇప్పుడర్థమైందా?

పెద్దదయితే సరిపోదు, సరిపోవాలి

నా పుట్టిల్లు రేపల్లె, అత్తిల్లు తెనాలి. 2022లో జిల్లాలు విడదీశాక పుట్టిల్లు బాపట్ల జిల్లాకి పోయింది, అత్తిల్లు గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఆ కారు సంగతి జరిగాక పుట్టింటికి వెళ్ళినప్పుడు అన్నయ్య ట్రాక్టరు షెడ్డులో కూర్చుని నేను వేసిన ప్రశ్నలకి మా వదిన నోరెళ్ళబెట్టింది.

కృష్ణా డెల్టాలో కాలవలకి నీళ్ళొదిలాక దమ్ము మొదలవుతుంది. బురదలో రబ్బరు టైర్లు జారిపోతాయని ట్రాక్టర్లకి ఇనుప దమ్ముచక్రాలు బిగిస్తారు. వాటితో తారు రోడ్డెక్కకూడదు, రోడ్డు పాడవుతుంది. అందుకని దమ్ము కాగానే విప్పి మళ్ళీ టైర్లు ఎక్కించాలి. అంటే ప్రతి సార్వాకీ వెనక చక్రాల నట్లు విప్పడం, బిగించడం తప్పవు. పైగా బరువు కోసం వెనక టైర్లలో నీళ్ళు కూడా నింపుతారు చాలామంది. అలాంటి చక్రం మీదికి ఒరిగితే మనిషి మిగలడు.

"పానా మీద అంకె దేనికో తెలుసా?" అని అడిగాడు అన్నయ్య. బోల్టు లావుకి అనుకున్నాను. కాదట! నట్టు ఎదురెదురు చదును ముఖాల మధ్య దూరమది. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు మీద నట్టుకి సాధారణంగా 19 నంబరు పానా పడుతుంది. పెద్ద లారీలకి 32, 33 నంబర్లు. పాత ట్రాక్టర్లలో కొన్నిటికి అంగుళాల కొలతలుంటాయి. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు కాబట్టి 19 నంబరుతో గడిచిపోతుంది. కానీ అరంగుళం అంటే 12.7. దానికి 13 నంబరు పెడితే కాస్త వదులు. ఆ 'కాస్త'లోనే ఉంది ప్రమాదమంతా. వదులు పానాతో గట్టిగా లాగితే నట్టు ఆరు మూలలూ అరిగి గుండ్రంగా అయిపోతుంది. ఇక ఆ తరవాత ఏ పానా పెట్టినా పట్టు దొరకదు. మావారి కాలు చీరుకుపోవడానికి సగం కారణం అదే. మా కారు పానా నోరు అరిగిపోయి ఉంది.

కొంగనోరు లాగా తెరుచుకుని ఉండే పానా నట్టుని రెండు ముఖాల మీదే పట్టుకుంటుంది. రింగు పానా, బాక్సు పానా చుట్టూ పట్టుకుంటాయి. అందుకే గట్టి పనికి అవే మేలు. వాటిలోనూ లోపల ఆరు మూలలున్నవి, పన్నెండు మూలలున్నవి అని రెండు రకాలు. తుప్పు పట్టిన మొండి నట్లకి ఆరు మూలలదే మంచిది.

గొట్టం తొడిగిన పాపం

మా నాన్నగారి కుడిచేతి చిటికెనవేలు వంకరగా ఉంటుంది. చిన్నప్పుడు అడిగితే "కుక్క కరిచింది" అనేవారు. మొన్ననే అసలు సంగతి చెప్పారు. పంపుసెట్టు బోల్టు ఒకటి రాకపోతే పానాకి ఇనుప గొట్టం తొడిగి లాగారట. పానా విరిగి, చెయ్యి వెళ్ళి ఇంజను దిమ్మకి కొట్టుకుందట. ముప్పై ఏళ్ళు కుక్క మీద పెట్టారు తప్పు!

పొడుగుంటే చాలనుకుని చాలామంది చేసే పని ఇదే. కానీ ప్రతి పానానీ దాని పొడుగుకి తగ్గ బలానికే తయారు చేస్తారు. గొట్టం తొడిగితే బలం రెట్టింపవుతుంది కానీ పానా దవడ మారదు కదా? అది విరగాలి, లేదా బోల్టు తెగాలి, లేదా గొట్టం ఊడి మొహాన కొట్టాలి. పొడుగు కావాలంటే పొడుగు కడ్డీతోనే వచ్చిన పానా కొనుక్కోవాలి. సుత్తితో కొట్టడానికని పొట్టిగా, మందంగా తయారైన రింగు పానాలు వేరే ఉంటాయి, భారీ యంత్రాలకి వాడతారు. మామూలు పానాని సుత్తితో కొట్టకూడదు. అలాగే గాలి గన్నుకి వాడే నల్లటి బాక్సులు వేరు, చేత్తో తిప్పే తళతళలాడే బాక్సులు వేరు. తళతళలాడేదాన్ని గన్నుకి తగిలిస్తే పగిలి ముక్కలు కళ్ళలో పడొచ్చు.

ఇక సముద్రం పక్క ఊళ్ళవాళ్ళకి ఇంకో శత్రువుంది, ఉప్పుగాలి. నిజాంపట్నం హార్బరులో బోట్ల మీద చూడండి, ఇనుము అన్నది కనపడితే చాలు తుప్పే. అలాంటి నట్టుని చూడగానే లాగెయ్యకూడదు. తుప్పు వదిలించే నూనె పోసి, కాసేపు నాననిచ్చి, మెల్లిగా కొంచెం బిగించి, కొంచెం వదిలి, అలా ఊరించి తియ్యాలి. మొండిపిల్లలకి అన్నం పెట్టినట్టన్నమాట!

మనవాళ్ళు పట్టలేదా ఏం?

"ఆడపిల్లకి పానాలెందుకు?" అన్నారు మా అత్తగారు. కారణముంది. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, ఆ ట్రాక్టరావిడని చూసినప్పట్నుంచీ పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకుంటానంటోంది. నిజం చెప్పొద్దూ, నేనూ మొదట తటపటాయించాను. ఆ చేతులకి గ్రీజూ, గాయాలూ తలుచుకుని.

తరవాత ఆలోచించాను. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో ఆదిలక్ష్మి భర్తతో కలిసి లారీల టైర్లు విప్పి బాగుచేస్తుంది. 2021లో ఆమె సంగతి పేపర్లలో వచ్చాక, అప్పటి ఎమ్మెల్సీ కల్వకుంట్ల కవిత ఆమెకి యంత్ర పరికరాలు అందజేశారు. ఢిల్లీ సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్‌లో శాంతిదేవి టీకొట్టుతోపాటు లారీ చక్రాల పని చేసి దేశమంతా పేరు తెచ్చుకుంది. రైల్వేలో పట్టాల పనికి ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. పట్టాల వెంట రోజూ నడుస్తూ వదులైన బోల్టులు బిగించే కీమాన్ భుజాన పొడుగాటి పానా ఉంటుంది. రేపల్లె రైలెక్కిన ప్రతిసారీ మన ప్రాణాలు ఆ పానా చివరే ఉంటాయి. అంతదాకా ఎందుకు, బాపట్లలో 1983 నుంచీ వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. అక్కడి అమ్మాయిలు ట్రాక్టరు విప్పి చూడకుండానే పట్టా తీసుకుంటారా?

మా తెనాలి శిల్పులు కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర పాత నట్లూ బోల్టులూ బేరింగులూ అతికి నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. 2021లో ఇనుప తుక్కుతో 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం చేశారు. అలాంటి విగ్రహాన్ని దగ్గరగా చూస్తే కొన్ని నట్ల మూలలు గుండ్రంగా అరిగిపోయి కనిపిస్తాయి. ఎవరు ఏ తప్పు పానా పెట్టి లాగారో అనిపిస్తుంది నాకిప్పుడు.

ఇవి గుర్తుంచుకోండి

* చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చెయ్యండి. ఆ తరవాతే జాకీ ఎత్తండి.
* పానాని మీవైపుకి లాగండి, తొయ్యకండి. జారినా వేళ్ళు ఇనుముకి కొట్టుకోవు. తొయ్యక తప్పకపోతే పిడికిలి బిగించకుండా అరచేత్తో తొయ్యండి.
* పానా మీద ఎక్కి గెంతకండి. మావారి కాలు గుర్తుంచుకోండి!
* బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించండి. జాకీ దించాక చివరి బిగువు ఇవ్వండి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూడండి.
* టైరు షాపులో గన్నుతో బిగిస్తుంటే, చివరి బిగువు టార్కు రెంచితో ఇమ్మని అడగండి. ఎంత బిగువో మీ కారు పుస్తకంలో ఉంటుంది. అడగడానికి మొహమాటం వద్దు, డబ్బులిచ్చేది మనమే.
* కుడివైపుకి తిప్పితే బిగువు, ఎడమవైపుకి తిప్పితే వదులు. కానీ సైకిలు ఎడమ పెడలుకీ, కొన్ని పాత లారీల ఎడమ చక్రాలకీ ఇది తిరగబడుతుంది. రాకపోతే బలం పెంచే ముందు దిక్కు చూసుకోండి.

కుట్లు మానాక మావారు తెనాలి బజారులో అరమీటరు కడ్డీ, మా కారుకి సరిపోయే ఆరు మూలల బాక్సు కొనుక్కొచ్చారు. మొన్న ఆదివారం వాకిట్లో కారు నిలబెట్టి మా అమ్మాయి, నేను స్టెప్నీ మార్చాం. నలభై నిమిషాలు పట్టింది. మా అత్తగారు అరుగు మీద కూర్చుని చూస్తూ ఏమీ అనలేదు. అంతా అయ్యాక మాత్రం, "ఆ మూడో నట్టు ఇంకోసారి చూడవే" అన్నారు మనవరాలితో!

మీరూ ఈ ఆదివారం మీ బండి డిక్కీ ఓసారి తెరవండి. లోపలున్న పానా నోరు అరిగిందేమో చూడండి. మీ కుట్టుమిషను టేపుతో దాని పొడుగు కొలవండి. నడిరోడ్డు మీద నెత్తుటి కాలు పట్టుకుని కొలిచే కంటే అది నయం కదూ?