నిప్పులు కక్కే కొండల్లోనూ రకాలున్నాయి!

మొన్న టీవీలో అగ్నిపర్వతాన్ని చూపిస్తుంటే మా అమ్మాయి, "అమ్మా! ఇవన్నీ ఇలాగే పేలతాయా?" అనడిగింది. అప్పుడు పొయ్యి మీద రాగిజావ ఉడుకుతోంది. దాన్ని చూపించే జవాబు చెప్పాను.

చారు మరిగేటప్పుడు ఆవిరి తేలిగ్గా పైకి పోతుంది. అదే జావ చిక్కబడితే ఆవిరి లోపలే చిక్కుకుని, బుడగ 'టప్'మని పగిలి చేతిమీద చిందుతుంది. అగ్నిపర్వతాల సంగతీ అంతే! భూమి లోపల కరిగిన రాయి మాగ్మా, బయటికొస్తే లావా. అందులో సిలికా అనే పదార్థం ఎక్కువైనకొద్దీ చిక్కబడుతుంది.

పల్చటి లావా చాలా దూరం పారుతుంది. అందుకే కొండ డాలు బోర్లించినట్టు వెడల్పుగా పరుచుకుంటుంది. భూగర్భంలోని వేడి ఒకేచోట పైకి తన్నుకురావడంతో పసిఫిక్ సముద్రం మధ్య లేచిన హవాయి దీవుల్లోని మౌనాలోవా ఇలాంటిదే.

చిక్కటి లావా దూరం పోలేదు. బూడిద, లావా పొరలు పొరలుగా పేరుకుని కొండ నిటారుగా పెరుగుతుంది. భూమి పైపెంకు పలకలుగా ఉంటుంది కదా! ఒక పలక ఇంకోదాని కిందికి దూరేచోట ఇలాంటివి పుడతాయి. కిందికెళ్ళిన పలకలోని నీరు పైనున్న వేడిరాతిని కరిగిస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని మయాన్ ఈ రకమే. చూడ్డానికి ఎంత అందమో, అంత ప్రమాదం!

మూడో రకం చిన్నది. ఎగిరిపడిన రాతిముక్కలు నోటి చుట్టూ పోగుపడితే ఏర్పడుతుంది. మెక్సికోలో 1943లో ఒక రైతు మొక్కజొన్న చేలో నేల చీలి పారికుటిన్ పుట్టింది. తొమ్మిదేళ్ళలో నాలుగు వందల మీటర్లు దాటింది!

ఈ తేడాలు తెలుసుకోవడం కాలక్షేపం కోసం కాదండీ. 1902లో మార్టినిక్ దీవిలో పెలే కొండ వారాల తరబడి బూడిద చిమ్మినా జనం ఊళ్ళోనే ఉండిపోయారు. పేలుడుకి సెయింట్ పియెర్ పట్నంలో సుమారు 28 వేలమంది పోయారు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినతుబో కొండ, సుమారు అయిదు వందల ఏళ్ళు నిద్రపోయి లేచింది. శాస్త్రజ్ఞులు దాని స్వభావం ముందే కనిపెట్టి చెప్పడంతో వేలమందిని తరలించారు. ఎన్నో ప్రాణాలు దక్కాయి.

మన దేశంలో నిప్పు ఆరని కొండ ఒక్కటే, అండమాన్‌లోని బారెన్ దీవి. అక్కడ జనం లేరు కాబట్టి మనకు దిగుల్లేదు.

మీ పిల్లలడిగితే జావగిన్నె చూపించండి. చెయ్యి మాత్రం దూరంగా పెట్టమనండి!