పరాయి నేలపై స్వదేశము

దేశమునకు సరిహద్దు కోటగోడవలె చుట్టును ఒక్క వరుసగా నుండునని మన మూహింతుము. కూచ్ బిహారు ప్రాంతమున 2015 వఱకు అట్లు లేదు. అచ్చట బంగ్లాదేశపు నేల నడుమ భారతదేశపు తునకలు 111 ఉండెను. భారతభూమి నడుమ బంగ్లాదేశపు తునకలు 51 ఉండెను. వంగభాషలో వీనిని చిట్‌మహలు లందురు. అన్నిటిలో వింతయైనది దహలా ఖగ్రాబాడి. అది రెండెకరములైన లేని భారతదేశపు చేను. దానిచుట్టు బంగ్లాదేశపు గ్రామము, ఆ గ్రామముచుట్టు భారతదేశపు గ్రామము, దానిచుట్టు మరల బంగ్లాదేశము!

పూర్వము కూచ్ బిహారు రాజును, రంగపురపు ఏలికయు చదరంగ మాడుచు గ్రామములను పందెమొడ్డిరని అచ్చటివారు కథ చెప్పుకొందురు. కథ సొగసైనదే కాని, చరిత్రకారులు దానిని నమ్మరు. 1711, 1713 సంవత్సరముల నడుమ మొగలులకును కూచ్ బిహారునకును సంధి కుదిరెను. మొగలులు గెలుచుకొనిన సీమలో రాజు పక్షమువారు కొందఱు కదలక నిలిచిరి. రాజు సీమలో మొగలు సైనికులు కొందఱు భూములు నిలుపుకొనిరి. చిక్కులకు మూల మిదియే. తరువాత రెండువందల యేండ్లకు పైగా దీనివలన ఎవరికిని బాధ కలుగలేదు. 1947లో రంగపురము పాకిస్తానునకు పోయెను. 1949లో కూచ్ బిహారు భారతదేశమున విలీన మయ్యెను. నాటినుండి పొరుగూరి సంతకు పోవుటయు విదేశయాత్ర యయ్యెను!

అనుమతిపత్రము లేక చిట్‌మహలు దాటరాదు. ఆ పత్రము దొరకు పట్టణమునకు పోవలెనన్నచో ముందుగా పరాయి నేలపై నడువవలెను. ఇట్టి నియమమును పాటించుట ఎవరి తరము? దొంగలు పడిన రక్షకభటులు రారు; వారికి రాదగిన త్రోవయే లేదు. చాలచోట్ల బడి లేదు, వైద్యశాల లేదు, విద్యుద్దీపము లేదు. పిల్లవానిని పొరుగూరి బడిలో చేర్పింపవలెనన్న, ఆ యూరివాని నెవనినైన బతిమాలి, వాని పేరును తండ్రి పేరుగా వ్రాయించెడివారు. కన్నతండ్రి బ్రదికియుండగా పుస్తకములలో మఱియొకడు తండ్రి. దశాబ్దముల పాటు జనాభా లెక్కలవారు సైతము అచ్చట అడుగిడలేదు.

1958లో నెహ్రూ, ఫిరోజ్ ఖాన్ నూన్‌ల నడుమ ఒడంబడిక కుదిరెను కాని, అమలు కాలేదు. నేలను పరదేశమున కిచ్చుటకు రాజ్యాంగమును సవరింపవలెనని 1960లో సుప్రీముకోర్టు తెలిపెను. 1971లో బంగ్లాదేశ మవతరించెను. 1974లో ఇందిరాగాంధీ, షేక్ ముజిబుర్ రహ్మాన్‌లు ఒప్పందము చేసికొనిరి. దాని ననుసరించి 1992లో దహగ్రామమునకు తీన్ బీఘా అను ఇఱుకుదారి తెఱవబడెను. తక్కిన పని నిలిచిపోయెను. 2011లో ఇరుదేశముల ఉద్యోగులు కలిసి ఇల్లిల్లు తిరిగి లెక్కింపగా, రమారమి 51,500 మంది తేలిరి.

2015లో మన పార్లమెంటు నూఱవ రాజ్యాంగసవరణ చేసెను. ఆ యేడు జులై 31 అర్ధరాత్రమున చిట్‌మహలులు చేతులు మాఱెను. మనవి 17,160 ఎకరములు పోగా, వచ్చినవి 7,110. నష్టమని తగవులాడినవారు లేకపోలేదు. మనము చేరలేని నేల మన చేతిలో నున్నదనుట యెట్లు?

ఏ దేశపు పౌరులుగా నుండవలెనో జనులే కోరుకొనిరి. బంగ్లాదేశములోని మన చిట్‌మహలుల నుండి భారతదేశమునకు వచ్చినవారు వేయిమందియైన లేరు. ఇటునుండి అటు ఒక్కరును పోలేదు. వచ్చినవారు తొలుత దిన్హాటా, మేఖ్లీగంజ్, హల్దీబాడిలలోని తాత్కాలిక శిబిరములలో తలదాచుకొనిరి. కొందఱి బంధువులు ఆవలనే యుండిపోయిరి. ఈవలి చిట్‌మహలులవారు 2016 మేనెలలో, పశ్చిమవంగ శాసనసభ యెన్నికలలో, మొట్టమొదటిసారి ఓటు వేసిరి. ఆ వరుసలలో తల నెరసిన వృద్ధులును నిలిచియుండిరి.