76 ఏళ్ల 'కొత్త' పియానిస్టు: విన్నవాళ్లు ఏమన్నారంటే...

మొన్న సంక్రాంతికి మా ఇంటినిండా చుట్టాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ చాపల మీద వాలి ఉన్నప్పుడు, ఎవరినీ అడక్కుండా ఒక క్యూబా పియానో ఆల్బమ్ పెట్టాను. పేరు 'ఇంట్రడ్యూసింగ్... రూబెన్ గొంజాలెజ్'. లండన్‌లోని వరల్డ్ సర్క్యూట్ అనే కంపెనీ 1997లో విడుదల చేసింది. ఆఫ్రో-క్యూబన్ జాజ్ గురించి మా వాళ్లలో ఒక్క బావకి తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. అయితేనేం, అభిప్రాయం చెప్పడానికి తెలియడంతో పనేముంది? తలా ఒక మాటా అన్నారు. ఆ తీగలు పట్టుకుని లాగితే కదిలిన డొంక ఇది.

"మామయ్యా, ఎవరీ కొత్తాయన?"

మేనకోడలి ప్రశ్న. తప్పు దానిది కాదు, ఆల్బమ్ పేరుది. మన సినిమా టైటిల్స్‌లో 'నూతన పరిచయం' అని వేస్తారే, అలాంటి పేరు. ఆ నూతన పియానిస్టు పుట్టింది 1919 మే 26న, క్యూబాలోని సాంతా క్లారాలో. 1996 ఏప్రిల్‌లో రికార్డింగ్‌కి కూర్చునే నాటికి ఆయన 77వ పుట్టినరోజు ఇంకో నెలలోకి వచ్చేసింది!

ఈయన డాక్టరు కావలసినవాడు. సియెన్‌ఫ్వేగోస్ సంగీత పాఠశాలలో 1934లో చదువు ముగించి, పగలు వైద్యం, రాత్రి సంగీతం అని లెక్క వేసుకుని మెడిసిన్‌లో చేరాడు. 1941లో హవానా చేరాక ఆ లెక్కలో పగటి సగం ఎగిరిపోయింది.

"ఇంట్లో పియానో ఉంటే ఎవరైనా సాధన చేస్తారు"

ఇది మా అక్క. వాళ్లమ్మాయికి కీబోర్డు కొని మూడేళ్లయింది, దాని మీద ఇప్పుడు ఇస్త్రీ బట్టలు ఉంటున్నాయి, అందుకని ఆ విసుగు. కానీ రూబెన్ సంగతి తిరగబడింది. ఆయన ఇంట్లో పియానో లేదు. ఉన్నదాన్ని పురుగు తినేసింది. 1980ల చివర్లో వాద్యబృందాల నుంచి విరమించుకున్నాక, కీళ్లవాతం చేతులతో, వాయించడానికి పియానో కూడా లేకుండా ఉన్న మనిషిని స్టూడియోకి పిలుచుకొచ్చారు. అక్కడ ఆయన వాయింపు విన్న అమెరికన్ గిటారిస్టు రై కూడర్, జాజ్ మేధావి థెలోనియస్ మంక్‌నీ కార్టూన్ పిల్లి ఫీలిక్స్‌నీ కలిపితే ఈయన అన్నాడు. వినండి, ఆ పిల్లి దొరుకుతుంది. పాట బుద్ధిగా నడుస్తుండగా కుడిచెయ్యి ఒక్కసారి మెట్లన్నీ దూకి, ఏమీ ఎరగనట్టు మళ్లీ వచ్చి పక్కన కూర్చుంటుంది.

"ఒకే గదిలో కూర్చుని వింటున్నట్టుంది"

ఇది బావ మెచ్చుకోలు, సరైనదే. 'బ్యూనా విస్టా సోషల్ క్లబ్' అనే ఆల్బమ్ రికార్డింగుల కోసం బుక్ చేసుకున్న స్టూడియోలో కొంత సమయం మిగిలింది. ఖాళీ దొరికినప్పుడల్లా పియానో వదలని ఈ పెద్దాయనని చూసి, నిర్మాత నిక్ గోల్డ్ ఆ మిగిలిన సమయం ఆయనకే ఇచ్చాడు. రెండు రోజుల్లో ఆల్బమ్ అయిపోయింది. ఒకరు ఇవాళ వాయించి, ఇంకొకరు వచ్చేవారం దాని మీద అతికించడాలు లేవు. అందరూ కలిసి ఒక్కసారే వాయించారు.

ఆ స్టూడియోకీ ఓ చరిత్ర ఉంది. సెంట్రల్ హవానాలో ఉన్న ఆ గది ఒకప్పుడు పనార్ట్ కంపెనీది. 1958లో అమెరికన్ గాయకుడు నాట్ కింగ్ కోల్ అక్కడికే వచ్చి స్పానిష్ పాటలు రికార్డు చేశాడు. ఆయనకి స్పానిష్ రాదు, ఉచ్చారణ విని పట్టుకుని పాడాడు. మహమ్మద్ రఫీ తెలుగు పాటలు విన్నవాళ్లం, మనకిది కొత్తేమీ కాదు.

"తాళం ఎక్కడ వెయ్యాలిరా దీనికి?"

ఇది నాన్నగారు. ముప్పై ఏళ్లు భజన బృందంలో తాళాలు పట్టిన మనిషి. మొదటి పాట అంతసేపూ తొడ మీద వేస్తూనే ఉన్నారు, ఎక్కడో జారుతూనే ఉంది. అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఆగుదాం.

క్యూబా సంగీతానికి వెన్నెముక 'క్లావే'. అదే పేరుతో రెండు గుండ్రటి కర్రముక్కలు ఉంటాయి, ఒకదానితో ఇంకోదాన్ని కొడతారు. హవానా ఓడల రేవులో పలకలు బిగించే కొయ్య మేకుల నుంచి ఈ కర్రలు పుట్టాయని చెప్తారు. వీటి మీద పలికేది ఐదే ఐదు దెబ్బలు. ముందు మూడు, తర్వాత రెండు. కానీ వాటి మధ్య ఎడం సమానంగా ఉండదు. ఆవర్తాన్ని 16 భాగాలు చేస్తే 3, 3, 4, 2, 4 చొప్పున దూరం. నాన్నగారికి ఈ అంకెలు చెప్పగానే క్షణం కళ్లు మూసుకుని, "తకిట తకిట తకధిమి తక తకధిమి" అన్నారు. ప్రతి ముక్క మొదటి అక్షరం మీదా ఒక దెబ్బ వెయ్యండి, క్లావే వచ్చేస్తుంది! మీరూ ప్రయత్నించవచ్చు, బస్సులో మాత్రం వద్దు.

ఇంకో మెలిక. కొన్ని పాటలు మూడు దెబ్బల వైపు నుంచి ఎత్తుకుంటాయి, కొన్ని రెండు దెబ్బల వైపు నుంచి. ఒకసారి ఎత్తుకున్నాక పాట పొడుగునా దాన్నే పట్టుకుని ఉండాలి. ఎవరైనా తప్పి రెండో వైపు తిరిగితే అక్కడి విద్వాంసులు 'క్రుసాదో' అంటారు, అంటే అడ్డం పడ్డాడని. ఇంకా తమాషా ఏమిటంటే, చాలాసార్లు ఆ కర్రలు ఎవరూ కొట్టరు. క్లావే వినిపించకుండానే అందరి మనసుల్లో నడుస్తూ ఉంటుంది. రూబెన్ వేళ్లు దాని చుట్టూ తిరుగుతాయి, దాన్ని తొక్కవు.

"పియానోని డప్పులా బాదుతున్నాడేంటి?"

మా చిన్నాన్న. తిట్టాననుకున్నాడు, పొగిడాడు. ఒకే చిన్న స్వరవరసని రెండు చేతులతో తాళానికి ఎదురెదురుగా తిప్పితిప్పి వాయించడాన్ని 'మొంతూనో' అంటారు. ఇది పియానో సొంత ఆస్తి కాదు. 'త్రేస్' అనే మూడు జతల తీగెల క్యూబా గిటారు నుంచి వచ్చింది. 1940ల్లో అర్సేనియో రోద్రిగెస్ అనే అంధ విద్వాంసుడు, త్రేస్ వాయించడంలో దిట్ట, తన బృందంలోకి పియానోనీ, కోంగా డ్రమ్‌నీ, ఎక్కువ ట్రంపెట్లనీ తెచ్చాడు. ఆయన దగ్గర కొన్నాళ్లు పియానో వాయించింది మన రూబెనే. పైగా పియానో అంటే ఏమిటి, 88 మెట్ల వెనక సుత్తులు తీగల్ని కొట్టడమే కదా. చిన్నాన్న చెవులు మోసపోలేదు.

"పాట దేని గురించి?"

పిన్ని అడిగింది. మొదటి పాట 'లా ఎంగాన్యదోరా', అంటే మోసగత్తె. ఆల్బమ్‌లో పియానోనే పాడుతుంది కానీ అసలు పాటకు మాటలున్నాయి. హవానాలో ప్రాదో, నెప్తూనో వీధుల కూడలిలో నడిచే ఒక అందగత్తె ఒంపుసొంపులకి మగాళ్లంతా గుడ్లప్పగించేవాళ్లు. తీరా తెలిసిందేమిటంటే అవి లోపల పెట్టుకున్న మెత్తల పుణ్యమట! చెప్పగానే పిన్ని చీర కొంగు నోట్లో కుక్కుకుంది. 1953 నాటి ఈ పాట రాసింది ఎన్రికే హోరీన్. చా-చా-చా అనే నాట్య సంగీతం ఈయన పుణ్యమే. మెలికల లయకి మామూలు జనం తడబడుతున్నారని గమనించి దాన్ని తేలిక చేశాడు. నర్తించేవాళ్ల కాళ్లు నేల మీద చేసే చప్పుడు నుంచి ఆ పేరు వచ్చింది. రూబెన్ దాదాపు పాతికేళ్లు హోరీన్ బృందంలో వాయించాడు. అందుకే పాత యజమానికి దండం పెట్టినట్టు మొదటి పాట అదే.

"ఇది జాజ్ కాదు బావా, క్యూబా పాత పాటలు"

బావ తీర్పు. ఇలాంటి ఆల్బమ్‌ల మీద ఎక్కడ విన్నా ఇదే తగాదా. ఒకళ్లు హాయిగా ఉందంటారు, ఒకళ్లు హోటల్లో వెనకాల మోగే సంగీతం అంటారు, ఇంకొకళ్లు జాజ్ అన్న మాట ఎందుకు తగిలించారని కోప్పడతారు.

నా ఉద్దేశంలో బావకి సగం మార్కులు. పేరుమోసిన ఆఫ్రో-క్యూబన్ జాజ్ న్యూయార్క్‌లో పుట్టింది. మచీతో అనే ఆయన బృందానికి మారియో బౌసా 1943లో చేసిన 'తంగా'నీ, అమెరికన్ ట్రంపెటర్ డిజీ గిలెస్పీతో హవానా డ్రమ్మర్ చానో పోజో 1947లో కలిసి చేసిన 'మంతేకా'నీ చూపిస్తారు. ఆ లెక్కన రూబెన్ ఆల్బమ్ అందులోకి రాదు. ఇందులో దాన్సోన్ అనే క్యూబా పాత నాట్య సంగీతం ఉంది. 1879 జనవరి 1న మతాన్సాస్ ఊళ్లో మిగెల్ ఫాయిల్దె తొలి దాన్సోన్ వినిపించాడు. న్యూ ఆర్లియన్స్‌లో జాజ్ ఊపిరి పోసుకోకముందు సంగతి అది. అయితే 'అల్మెంద్రా' అనే పాత దాన్సోన్‌ని రూబెన్ మధ్యలో విప్పి, అప్పటికప్పుడు అల్లుకుపోయే తీరు విని, ఇది జాజ్ కాదని నాకు చెప్పకండి.

"అసలు పియానో అంటే చూచో వాల్దేస్!" అని బావ ఇంకో అస్త్రం తీశాడు. కాదన్నదెవరు? చూచో 1941 అక్టోబరు 9న కివికాన్‌లో పుట్టాడు. ఆయన తండ్రి బేబో వాల్దేస్, ఆయనా పియానిస్టే, అదే ఊళ్లో 1918లో సరిగ్గా అదే తేదీన పుట్టాడు! బేబో 1960లో క్యూబా వదిలి చివరకు స్టాక్‌హోమ్ చేరి, హోటళ్లలో పియానో వాయించుకుంటూ బతికాడు. తండ్రీకొడుకులు మళ్లీ కలిసింది 1978లో, న్యూయార్క్‌లో. చూచో తన 'ఇరకేరే' బృందంతో అక్కడికి వెళ్లినప్పుడు. బేబో మళ్లీ వెలుగులోకి వచ్చిన రికార్డు 1994లో చేశాడు, అప్పుడాయన వయసు 76. క్యూబా పియానిస్టులకి ఆ వయసులో ఏదో ఉన్నట్టుంది.

"ఇందులో ఆఫ్రికా ఎక్కడుంది మామయ్యా?"

మంచి ప్రశ్న. 'ఇరకేరే' అన్న పేరే యొరుబా మాట, దట్టమైన అడవి అని అర్థం. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన యొరుబాల దేవతారాధనలో మోగే బాతా డ్రమ్ములు ఎప్పుడూ మూడు కలిసే ఉంటాయి. పెద్దది ఇయా, అంటే తల్లి. రూబెన్ ఆల్బమ్ పుట్టుకలోనూ ఆఫ్రికా ఉంది, రాకపోవడం వల్ల! నిక్ గోల్డ్ మొదట అనుకున్నది మాలీ సంగీతకారుల్నీ క్యూబా వాళ్లనీ కలిపి వాయింపించాలని. వీసాల చిక్కుతో మాలీ వాళ్లు రాలేదు. వచ్చినవాళ్లతో చేసిందే బ్యూనా విస్టా. తప్పిపోయిన ఆ కలయిక 2010లో 'ఆఫ్రోక్యూబిజం'గా వచ్చింది.

"ఇది ఎక్కడో విన్నాను!"

తర్వాత నేను పెట్టిన రూబెన్ 2000 నాటి ఆల్బమ్ 'చంచూయో' వింటూ మా తమ్ముడు లేచి కూర్చున్నాడు. వాడు విన్నది గిటారిస్టు కార్లోస్ సంతానా 1970లో వాయించిన 'ఓయె కోమో వా'. దాని అసలు కర్త టీటో పుయెంతె. ఆయనకి ఆ పల్లవి వరస దొరికింది ఇస్రాయెల్ 'కచావో' లోపెస్ 'చంచూయో'లో. రూబెన్ రెండు ఆల్బమ్‌లలోనూ బేస్ వాయించిన 'కచాయితో' అనే ఆయన ఈ కచావోకి అన్న కొడుకు. ఆ ఇంట్లో ముప్పై మందికి పైగా బేస్ వాయించేవాళ్లు ఉన్నారని చెప్పుకుంటారు. మన పక్క నాదస్వరం కుటుంబాలు ఉన్నట్టు.

అమ్మ మాత్రం ఏమీ అనలేదు. 'మెలోదియా దెల్ రియో' వచ్చినప్పుడు విస్తరాకులు కుట్టడం ఆపి వింది. రూబెన్ సొంతంగా కట్టిన నెమ్మదైన వరస అది. పేరుకి అర్థం నది పాట. రికార్డింగు రోజుల్లో ఆ ముసలాయన అందరికంటే ముందు వచ్చి, ఇంకా తాళం తియ్యని స్టూడియో గుమ్మం దగ్గర నిలబడేవాడట, తలుపు తియ్యగానే గబగబా పియానో దగ్గరికి వెళ్లేవాడట అని చెప్పాను.

"అంత పొద్దున్నే ఏమైనా తిని వచ్చేవాడా పాపం?" అంది అమ్మ. తర్వాత ఆ నది పాట మళ్లీ పెట్టమంది.