గట్టును కాచే ఓషధులు

విశాఖపట్నం వంటి కొండవాలు ప్రాంతాలలో ఇల్లు కట్టుకొన్న గృహస్థులకు పెరటి మట్టి జారకుండ నిలిపే రిటైనింగ్ వాల్ తప్పనిసరి. ఆ గోడ వెంబడి ఓషధులను పెంచితే ఇంటికి మందు, మట్టికి పట్టు రెండును లభిస్తాయి. అయితే మొక్కను ఎంచుకొనేటప్పుడు ఆకుకన్న ముందు వేరును చూడాలి.

గోడను పడదోసేది చాలసార్లు మట్టికన్న అందులో నిలిచిన నీరే. 2025 ఏప్రిల్ 30 వేకువన, చందనోత్సవం నాడు, సింహాచలంలో వర్షానికి గోడ కూలి ఏడుగురు భక్తులు మృతి చెందిన సంగతి పాఠకులు మరచి ఉండరు. కనుక నీరు వెలుపలికి పోవడానికి గోడలో వదలిన రంధ్రాలు పూడకుండ చూచుకోవడం మొదటి పని. గోడ ఉబ్బినా, బీటలు వారినా ఏ మొక్కయూ దానిని నిలపజాలదు; ఇంజనీరును పిలిపించవలసినదే.

గట్టుపై నాటదగిన వాటిలో వట్టివేరు గడ్డిదే అగ్రస్థానం. ఆయుర్వేదం దీనిని ఉశీరమన్నది. ఇది చలువ చేస్తుందనీ, దాహాన్నీ పిత్తప్రకోపం వల్ల కలిగే మంటలనూ శమింపజేస్తుందనీ చెప్పినది. దీని వేళ్ళు పక్కలకు పాకక నిట్టనిలువుగా దిగి, అనుకూలమైన నేలలో 2 నుండి 3 మీటర్ల లోతు వరకు పోతాయి. తొలకరిలో పిలకలను వాలుకు అడ్డంగా వరుసలో దగ్గరదగ్గరగా నాటితే, కొంతకాలానికి దుబ్బులు కలిసి కంచెవలె మారి మట్టిని పట్టి ఉంచుతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మంచినీటి కుండలో వేసుకొనే పరిమళం వేరులోనే ఉన్నది కదా అని గట్టుమీది దుబ్బును పెకలిస్తే ఆ పట్టు కాస్తా సడలుతుంది. మందుకు కావలసిన దానిని విడిగా ఒక గోనెసంచిలో పెంచుకోవడం మేలు. సంచిని చీల్చితే వేళ్ళు తెగకుండ వస్తాయి కూడ.

ఈ కారణం చేతనే గట్టుపై తక్కినవన్నీ ఆకు కోసం పెంచేవే కావాలి. నిమ్మగడ్డిని కోసినకొద్దీ మళ్ళీ చిగురిస్తుంది. అడ్డసరాన్ని మేకలు సైతం ముట్టవు. దగ్గుకు వాడే ఈ ఆకును గర్భిణులు మాత్రం తీసుకోరాదు. ఇది పొదగా పెరుగుతుంది గనుక గోడకు రెండు మూడడుగులు ఎడంగా నాటాలి. అంచున కలబంద చాలు. గోడ పాదంలోని తేమకు సరస్వతి ఆకు ఏపుగా పాకుతుంది గాని, ఆ తేమలో స్నానాలగది మురుగు కలుస్తుంటే దానిని పచ్చడికి కోయరాదు.

పక్షులు వేసిన రావి, మర్రి విత్తనాలు రాతి సందులలో మొలుస్తాయి. రావి మొలకను పెరికివేయడానికి చాలమందికి మనసొప్పదు. లేతగా ఉన్నప్పుడే వేరుతో తీసి, ఇంటికి దూరంగా విశాలమైన చోట నాటితే ఆ సంకోచం తీరుతుంది. ముదిరినదానిని లాగితే రాళ్ళు కదులుతాయి. అనుభవమున్న మేస్త్రీ చేతనే తీయించాలి. ఇక పూల కోసం కొందరు గట్టుపై గన్నేరు నాటుతారు. దాని ప్రతి భాగమూ విషమే. పిల్లలు తిరిగే పెరటిలో అది వద్దు.